హైడ్రోజన్ గడికి ఎర్ర రంగు ఎందుకు?

మా సైన్సు ల్యాబ్‌లో కుళాయి పక్క గోడకి ఆవర్తన పట్టిక చార్టు ఒకటి వేలాడుతుంటుంది. ఎనిమిదో తరగతి నుంచి దాన్ని చూస్తూనే ఉన్నాను. ఈ వ్యాసం ఆ చార్టు మీద విమర్శ. సినిమా మీద రాస్తారు, కథ మీద రాస్తారు, చార్టు మీద విమర్శ ఏంటే అని మా ఇంట్లో నవ్వారు. కానీ చార్టు కూడా ఎవరో కూర్చుని, ఏది ఎక్కడ పెట్టాలి, దేనికి ఏ రంగు వెయ్యాలి అని నిర్ణయించి తయారు చేసిందే కదా. నిర్ణయం ఉన్నచోట ప్రశ్న కూడా ఉండొచ్చు.

ఇదంతా ఒక యూనిట్ టెస్టుతో మొదలైంది. రెండు మార్కుల ప్రశ్న: హైడ్రోజన్ ఏ గ్రూపుకు చెందుతుంది? కారణం రాయండి. నేను "మొదటి గ్రూపు. బాహ్య కక్ష్యలో ఒక ఎలక్ట్రాన్ ఉంటుంది కాబట్టి" అని రాశాను. రెండుకి రెండు వచ్చాయి. నా పక్కన కూర్చునే స్నేహితురాలు "17వ గ్రూపు. కక్ష్య నిండడానికి ఒక్క ఎలక్ట్రాన్ తక్కువ కాబట్టి" అని రాసింది. సున్నా వచ్చింది. నేను గైడులో ఉన్నది ఉన్నట్టు దింపాను. తను సొంతంగా ఆలోచించి రాసింది. మధ్యాహ్నం తను ఏడవలేదు గానీ క్యారేజీ మూత కూడా తియ్యలేదు. నా రెండు మార్కులు చూస్తే నాకే సిగ్గేసింది.

ఇద్దరం మేడమ్ దగ్గరికి వెళ్లాం. "దాని జవాబు పూర్తిగా తప్పు కాదు కదండీ?" అని అడిగాను. ఆవిడ పేపరు మళ్లీ చదివారు. "తప్పు కాదమ్మా. ఆ మాటకొస్తే నీది కూడా పూర్తిగా ఒప్పు కాదు. కానీ పబ్లిక్‌లో అడిగితే రాయాల్సింది నువ్వు రాసిందే" అన్నారు. మేం కదలకపోయేసరికి, "మీకంత పట్టుదలగా ఉంటే వెళ్లి ఆ చార్టుతో పోట్లాడండి. ఏం తేలిందో మ్యాగజైన్‌కి రాసివ్వండి" అన్నారు. అలా వచ్చింది ఈ వ్యాసం.

ముందు చార్టు ఏమంటుందో చూద్దాం. ఎడమ పక్క పైన మొదటి గడి హైడ్రోజన్. దాని కింద లిథియం, సోడియం, పొటాషియం వరసగా ఉన్నాయి. ఈ నిలువు వరస మొత్తానికి ఎర్ర రంగు వేశారు. కింద మూలన రంగుల వివరం ఉంది: ఎరుపు అంటే క్షార లోహాలు. అంటే మా చార్టు ప్రకారం హైడ్రోజన్ ఒక లోహం. సోడియంని కత్తితో కోస్తే వెన్నలా తెగుతుందని, నీళ్లలో వేస్తే చిటపటలాడుతుందని చదువుకున్నాం. హైడ్రోజనేమో వాయువు. ద్రవం కావాలంటే సున్నాకి దిగువన 253 డిగ్రీలకు చల్లబరచాలి. అలాంటిదానికి లోహం రంగు వేసి, ఎందుకు వేశారో ఎక్కడా చెప్పకపోవడం మాకు నచ్చలేదు.

అయితే మొదటి గ్రూపులో పెట్టడానికి కారణం లేకపోలేదు. లిథియం, సోడియం, పొటాషియం అన్నిటికీ బయటి కక్ష్యలో ఒకే ఎలక్ట్రాన్. హైడ్రోజన్‌కీ అంతే. వేలన్సీ కూడా ఒకటే. 1871లో మెండలీవ్ వేసిన పట్టికలో కూడా హైడ్రోజన్ మొదటి గ్రూపులోనే ఉంది. అప్పటికి ఎలక్ట్రాన్ సంగతి ఎవరికీ తెలియదు. అది ఏ మూలకంతో ఏ నిష్పత్తిలో కలుస్తుందో చూసి పెట్టారు. కాబట్టి ఈ స్థానం ఊరికే వచ్చింది కాదు.

కానీ సోడియం అసలు గుణం ఒక ఎలక్ట్రాన్ ఉండడం కాదు, దాన్ని తేలిగ్గా ఇచ్చెయ్యడం. దీన్ని కొలవడానికి అయనీకరణ శక్తి ఉంది. ఒక మోల్ సోడియం పరమాణువుల నుంచి ఒక్కొక్క ఎలక్ట్రాన్ తియ్యాలంటే 496 కిలోజౌళ్లు చాలు. లిథియంకి 520. పొటాషియంకి 419. మరి హైడ్రోజన్‌కి? 1312 కిలోజౌళ్లు. ఎలక్ట్రాన్‌ని వదలడం ఇష్టంలేని క్లోరిన్‌కే 1251 సరిపోతాయి. అంటే ఎలక్ట్రాన్ ఇవ్వడంలో హైడ్రోజన్ సోడియం కంటే కాదు, క్లోరిన్ కంటే కూడా పిసినారి! కారణం కూడా సులువే. దానికి ఉన్నది ఒకే కక్ష్య, అది కేంద్రకానికి చాలా దగ్గర. మధ్యలో అడ్డుపడే లోపలి ఎలక్ట్రాన్లు లేవు.

ఈ లెక్క చూడగానే నా స్నేహితురాలి మొహం వెలిగిపోయింది. "చూశావా, హాలోజన్ అని నేను ముందే చెప్పాను కదా" అంది. సరే అని రెండో లెక్క చూశాం. హాలోజన్ల అసలు గుణం ఎలక్ట్రాన్‌ని ఆత్రంగా తీసుకోవడం. దాన్ని ఎలక్ట్రాన్ ఎఫినిటీతో కొలుస్తారు. క్లోరిన్ ఒక మోల్‌కి 349 కిలోజౌళ్లు విడుదల చేస్తుంది. ఫ్లోరిన్ 328. హైడ్రోజన్ 73 మాత్రమే. సోడియం ఎంతో తెలుసా? 53. ఈసారి హైడ్రోజన్ వెళ్లి సోడియం పక్కన కూర్చుంది. ఇవ్వమంటే క్లోరిన్‌లా ఉంటుంది, తీసుకోమంటే సోడియంలా ఉంటుంది. మేమిద్దరం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. నా జవాబుకీ తన జవాబుకీ ఒకేలాంటి దెబ్బ తగిలింది.

లెక్కలు పక్కన పెట్టి ల్యాబ్‌లో చేసే ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. నీళ్లలో కాస్త ఆమ్లం కలిపి బ్యాటరీ తీగలు పెడితే రెండు గొట్టాల్లో బుడగలు వస్తాయి. ఋణ ధ్రువం దగ్గర వచ్చేది హైడ్రోజన్. రెండింతలు వస్తుంది. కరిగించిన ఉప్పులోంచి కరెంటు పంపినప్పుడు సోడియం చేరేది కూడా ఋణ ధ్రువం దగ్గరికే. కాబట్టి హైడ్రోజన్ లోహంలాగే నడుచుకుంటుంది అని రాసేసుకుంటాం.

పుస్తకంలో పెద్దగా కనబడని ఇంకో ప్రయోగం ఉంది. సోడియం, కాల్షియం లాంటి చురుకైన లోహాలతో కలిసినప్పుడు హైడ్రోజన్ ఎలక్ట్రాన్ తీసుకుని ఋణ అయాన్ అవుతుంది. వాటినే హైడ్రైడ్లు అంటారు. లిథియం హైడ్రైడ్‌ని కరిగించి కరెంటు పంపితే హైడ్రోజన్ ధన ధ్రువం దగ్గర బయటికొస్తుంది. అది క్లోరిన్ వచ్చే వైపు. ఒకే మూలకం, తోడు ఎవరన్న దాన్నిబట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతోంది. మన ల్యాబ్‌లో చేసేది మొదటి ప్రయోగం ఒక్కటే. అందుకే మనకి ఒకటే జవాబు తట్టింది.

అసలు మన చుట్టూ ఉన్న హైడ్రోజన్‌లో ఎక్కువ భాగం ఈ రెండు పనులూ చెయ్యదు. పంచుకుంటుంది. గోదారి నీళ్లలో ఆక్సిజన్‌తో పంచుకుంటుంది. వంటనూనెలో, పంచదారలో కార్బన్‌తో పంచుకుంటుంది. నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గడ్డ కట్టిస్తేనే డాల్డా అయ్యేది. మన పొలాల్లో చల్లే యూరియా కథ కూడా ఇదే. సహజ వాయువుని నీటి ఆవిరితో కలిపి హైడ్రోజన్ తీస్తారు, దాన్ని గాలిలోని నైట్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేస్తారు, దాన్నుంచి యూరియా వస్తుంది. ఆ అమ్మోనియాలో ఒక్కో నైట్రోజన్ మూడు హైడ్రోజన్లతో ఎలక్ట్రాన్లు పంచుకుంటుంది. ఆఖరికి చింతపండు పులుసులో పులుపుకి కారణమైన హైడ్రోజన్ అయాన్ కూడా ఒంటరిగా ఉండదు. నీటి అణువుని పట్టుకుని హైడ్రోనియం అయాన్‌గా తిరుగుతుంది. సోడియం అయాన్‌లా స్వతంత్రంగా బతకడం దానికి రాదు.

పంచుకోవడమే దాని పని అయితే కార్బన్ మీద ఎందుకు పెట్టకూడదు? ఈ మాట అన్నవాళ్లు నిజంగానే ఉన్నారు. 2003లో మార్షల్ క్రోనిన్ అనే రసాయన శాస్త్రవేత్త ఇదే వాదించారు. కార్బన్ బయటి కక్ష్యలో ఎనిమిదికి నాలుగు ఉంటాయి, హైడ్రోజన్‌కి రెండుకి ఒకటి. రెండూ సగం నిండినవే. ఋణవిద్యుదాత్మకత చూసినా కార్బన్‌ది 2.55, హైడ్రోజన్‌ది 2.20, లిథియంది 0.98 మాత్రమే. వినడానికి బాగానే ఉంది. కానీ కార్బన్ నాలుగు బంధాలు వేస్తుంది, హైడ్రోజన్ ఒకటే. కార్బన్ బొగ్గుగా, వజ్రంగా ఘన రూపంలో ఉంటుంది. 14వ గ్రూపు వాళ్లు కూడా దీన్ని పూర్తిగా తమ మనిషి అనుకోలేరు.

ఇంకో దారి మన పుస్తకంలోనే ఉంది. డాబరీనర్ త్రికాలు గుర్తున్నాయా? లిథియం 7, సోడియం 23, పొటాషియం 39. మొదటి దాన్నీ మూడో దాన్నీ కూడి సగం చేస్తే మధ్యది వస్తుంది. ఆయన పరమాణు భారాలతో చేశారు. ఎరిక్ షెర్రీ అనే ఆయన అదే ఆటని పరమాణు సంఖ్యలతో ఆడి చూడమన్నారు. హైడ్రోజన్ 1, ఫ్లోరిన్ 9, క్లోరిన్ 17. ఒకటీ పదిహేడూ కలిపితే 18, సగం 9. సరిగ్గా ఫ్లోరిన్! అదే మొదటి గ్రూపులో హైడ్రోజన్ 1, లిథియం 3, సోడియం 11. ఒకటీ పదకొండూ కలిపితే 12, సగం 6. లిథియం కాదు. పెన్సిలుతో మీరూ చేసి చూడండి. ఈ ఆటలో గెలిచింది 17వ గ్రూపు. నా స్నేహితురాలికి మళ్లీ ప్రాణం లేచొచ్చింది. కానీ ఈ లెక్క అంకెలు కుదిరాయనే చెబుతుంది, హైడ్రోజన్ క్లోరిన్‌లా ప్రవర్తిస్తుందని చెప్పదు. ఆ సంగతి పైన 73, 349 అన్న అంకెల్లో చూశాం.

ఇక్కడి దాకా వచ్చాక నాకు చార్టులో కుడి పక్క చివరి గడి కనబడింది. హీలియం. నా అసలు విమర్శ ఇక్కడే ఉంది.

హీలియంకి బయటి కక్ష్యలో రెండు ఎలక్ట్రాన్లు. బయటి కక్ష్యలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో చూసి గ్రూపు నిర్ణయిస్తే, రెండు ఉన్న హీలియం బెరీలియం, మెగ్నీషియంల నెత్తిన, రెండో గ్రూపులో ఉండాలి. కానీ దాన్ని నియాన్ పైన, 18వ గ్రూపులో పెట్టారు. ఎందుకంటే అది దేనితోనూ కలవదు, జడ వాయువులా ప్రవర్తిస్తుంది, దాని కక్ష్య నిండిపోయింది. సరైన కారణమే. మరి ప్రవర్తన చూసి హీలియంని కుడికి పంపినవాళ్లు, ప్రవర్తన చూడకుండా హైడ్రోజన్‌ని ఎడమ పక్కన ఎలా ఉంచారు? మొదటి పీరియడ్‌లో ఉన్నవే రెండు మూలకాలు. ఒకదాన్ని ఎలక్ట్రాన్ల లెక్కతో తూచారు, రెండో దాన్ని ప్రవర్తనతో తూచారు. బజారులో ఒక కొట్టువాడు బియ్యానికి ఒక కాటా, పప్పుకి ఇంకో కాటా వాడితే మనం అడగమా?

రెండు కాటాలు వాడడం తప్పని నేను అనట్లేదు. వాడామని చెప్పకపోవడం తప్పంటున్నాను. చెప్పకపోతే చదివే పిల్లలు ఒకటే కాటా ఉందనుకుంటారు. రెండో కాటాతో తూచిన పిల్లకి సున్నా వస్తుంది.

ఈ ఇద్దరు పొరుగు మూలకాలకీ మన గుంటూరుతో చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడడానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చారు. ఆ రోజున మచిలీపట్నంలో పాగ్సన్ అనే ఆయన కూడా దుర్భిణీ పెట్టుకుని చూశారు. సూర్యుడి అంచున ఎర్రగా ఎగసే జ్వాలల వెలుతురుని జాన్సెన్ వర్ణపటదర్శినిలో చూస్తే మెరిసే గీతలు కనబడ్డాయి. ఆ జ్వాలల్లో ఉన్నది హైడ్రోజన్ వాయువు అని ఆయన తేల్చారు. క్విజ్ పుస్తకాల్లో "గుంటూరులో కనిపెట్టిన మూలకం ఏది?" అంటే హీలియం అని ఉంటుంది. పసుపు గీత చూసి కొత్త మూలకం అని గట్టిగా అని, పేరు పెట్టించింది ఇంగ్లండులో లాకియర్ వాళ్లు. భూమ్మీద దాన్ని 1895లో రామ్సే పట్టుకున్నారు. గుంటూరులో నిలబడి ధైర్యంగా పేరు చెప్పగలిగింది మాత్రం హైడ్రోజన్‌దే.

ఆ గ్రహణం అయిన ఏడు నెలల లోపే, 1869లో, మెండలీవ్ మొదటి పట్టిక వచ్చింది. నన్ను ఆలోచింపజేసింది ఇదే. 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నా, కొన్ని గీతలు చూసి "ఇది హైడ్రోజనే" అని గుర్తుపట్టొచ్చు. అది ఎవరన్నదాంట్లో అనుమానం లేదు. ఎవరి పక్కన కూర్చోబెట్టాలి అన్నదాంట్లోనే గొడవంతా. పాఠంలో "హైడ్రోజన్ స్థానం అస్పష్టం" అని చదువుతాం. అస్పష్టం హైడ్రోజన్‌లో లేదు. మనం దేన్నిబట్టి కూర్చోబెడుతున్నామో చెప్పకపోవడంలో ఉంది.

యానాం పిల్లలకి ఇది వేరేగా వివరించక్కర్లేదు. మన పిన్‌కోడ్ 533464. ఈ 533 గోదావరి జిల్లాలది. పుదుచ్చేరిది 605తో మొదలవుతుంది. ఫోన్ కోడ్ 0884, కాకినాడదే. కానీ మన బళ్ల నంబరు ప్లేటు మీద పీవై 04. కోర్టు పెద్దదైతే మద్రాసు హైకోర్టు. ఎంపీకి ఓటెయ్యాలంటే 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరితో కలిసి వేస్తాం. యానాం బడుల్లో చాలా ఏళ్లు చదివింది ఆంధ్రప్రదేశ్ పుస్తకాలే. తెలుగు మాట్లాడేవాళ్లం పుదుచ్చేరి మొత్తంలో కొద్దిమందిమి, యానాంలో దాదాపు అందరం. అంతమాత్రాన మన ఊరు ఎక్కడుందో మనకి తెలియకుండా పోయిందా? పోస్టాఫీసు దూరం చూస్తుంది, రవాణా శాఖ ప్రభుత్వం చూస్తుంది. ఎవరి జాబితా వాళ్లది, ఎవరి ప్రశ్న వాళ్లది. ఉత్తరం మీద 605 రాస్తే అది పుదుచ్చేరి వెళ్లి తిరిగొస్తుంది. ఏ జాబితా దేనికో తెలిస్తే గొడవ లేదు.

చార్టు తరఫున కూడా మాట్లాడాలి కదా. గోడ మీద కాగితం ఒకటే, హైడ్రోజన్‌ని ఎక్కడో ఒకచోట పెట్టి తీరాలి. రెండు చోట్ల పెడితే లెక్కలో మూలకాలు ఒకటి ఎక్కువున్నాయని చిన్నపిల్లలు పొరపడతారు. 2003లోనే కేజ్, ఆట్కిన్స్ అనే ఇద్దరు దాన్ని ఏ గ్రూపులోనూ పెట్టకుండా పట్టికకి పైన, మధ్యలో విడిగా ఉంచమన్నారు. అప్పుడు దానికి ఎవరితోనూ పోలిక లేదనుకునే ప్రమాదం ఉంది. అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘమైన ఐయూపీఏసీ పట్టికలో కూడా హైడ్రోజన్ లిథియం పైనే ఉంటుంది. కానీ క్షార లోహాల జాబితా చెప్పేటప్పుడు వాళ్లు లిథియం నుంచే మొదలుపెడతారు, హైడ్రోజన్‌ని కలపరు. స్థానం ఒకటి, బంధుత్వం ఒకటి అని వాళ్లు వేరు చేశారు. మా చార్టు ఎర్ర రంగు ఆ తేడాని చెరిపేసింది.

ఇంకో అభ్యంతరం మా తరగతిలోనే ఒకడు లేవదీశాడు. విపరీతమైన ఒత్తిడిలో హైడ్రోజన్ లోహంలా మారుతుందని 1935లోనే విగ్నర్, హంటింగ్టన్ అనే శాస్త్రవేత్తలు లెక్క కట్టారు, బృహస్పతి గ్రహం లోపల అలాగే ఉంటుందని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు, మరి ఎరుపు తప్పెలా అవుతుంది అన్నాడు. మంచి ప్రశ్నే. కానీ చార్టులో మిగతా రంగులన్నీ మన గదిలో ఉండే పరిస్థితులకి వేసినవి. ఒక్క హైడ్రోజన్‌కి మాత్రం బృహస్పతి లోపలి పరిస్థితికి రంగు వేస్తామంటే, అది మూడో కాటా అవుతుంది.

కాబట్టి మేం కొత్త చార్టు కొనమని అడగట్లేదు. హైడ్రోజన్‌ని ఉన్నచోటే ఉంచి దాని రంగు మార్చి, కింద ఒక్క వాక్యం రాస్తే చాలు: "ఎలక్ట్రాన్ల లెక్క ప్రకారం ఇక్కడ ఉంచాం, ఇది లోహం కాదు." పరీక్షలో ప్రశ్న కూడా కొంచెం మార్చొచ్చు: "హైడ్రోజన్‌ని మీరు ఏ గ్రూపులో పెడతారు? దానికి ఒక కారణం, దాని మీద ఒక అభ్యంతరం రాయండి." ఈ ప్రశ్నకి గైడు చూసి జవాబు దింపడం కష్టం. నేను రాసిందానికి ఒక మార్కు వస్తుంది, నా స్నేహితురాలు రాసిందానికీ ఒక మార్కు వస్తుంది. రెండో మార్కు ఇద్దరం సంపాదించుకోవాలి. మొన్నటి పరీక్షలో వచ్చిన రెండూ సున్నాల కంటే, అదే న్యాయం అనిపిస్తోంది.

మేడమ్‌ని అడిగి పోయిన శనివారం హైడ్రోజన్ గడి మీద పసుపు కాగితం ముక్క అంటించాం. దాని మీద ఆ వాక్యం రాసింది నా స్నేహితురాలే, తన దస్తూరీ నాకంటే బాగుంటుంది. సోమవారం ఎనిమిదో తరగతి పిల్లలు ల్యాబ్‌కి వచ్చి, ఇదొక్కటే వేరే రంగెందుకు అని అడిగారట. మేం చూస్తున్న ఈ మూడేళ్లలో ఆ గడి గురించి ఎవరూ అలా అడగలేదు. ఈ వ్యాసం చదివిన అన్నయ్యలు, అక్కయ్యలు, అమ్మలు, నాన్నలు ఎవరికైనా హైడ్రోజన్‌కి ఇంకో మంచి చోటు తోస్తే మాకు రాసి పంపండి. కారణంతో పాటు అభ్యంతరం కూడా రాయడం మర్చిపోకండి.